లైసెన్సు పిల్ల

"ఇవాళ ఆవిడ మిల్లుకే వస్తుందటే. ఇంటికొస్తే పక్కలూ గిన్నెలూ చూసి పోతుంది. మిల్లుకొస్తే ఇంకేం చూస్తుంది, నిన్నే చూస్తుంది. నాకు భయంగా ఉంది ఐవీ."

మార్తా ఈ మాట అనేసరికి ఇంకా ఏమీ జరగలేదు. టీ కూడా కాగలేదు. కానీ జరగబోయేదానికి ముందుగానే భయపడి పెట్టుకోవడం ఆమెకి అలవాటు. వాన రాకముందే ఆరేసిన బట్టలు తీసేసే మనిషి.

కూతురు ఐవీ ఇరవై మూడేళ్ళ పిల్ల. గుమ్మంలో కూర్చుని చెక్కబూట్ల పట్టీలు బిగించుకుంటోంది.

"నేనేం చేశానమ్మా?"

"నువ్వేం చెయ్యక్కర్లేదు తల్లీ. వాళ్ళకి నువ్వు కనపడితే చాలు."

ఇంగ్లండులో మా లాంకషైర్ ఊళ్ళలో కుక్కని పెంచుకోవాలంటే లైసెన్సు కావాలి. ఐవీ తల్లి దగ్గర ఉండాలన్నా లైసెన్సే కావాలి. కుక్కది నయం, అది మొరిగినా రద్దు కాదు. ఐవీకి బళ్ళో లెక్కలు రాలేదు. అక్షరాలు ఒకచోట నిలబడేవి కావు. ఓ డాక్టరు వచ్చి చేతి గడియారం చూసుకుంటూ నాలుగు ప్రశ్నలడిగి, మందమతి అని రాసి, టీకి వెళ్ళిపోయాడు. పన్నెండేళ్ళ పిల్లని మందమతుల కాలనీకి పట్టుకుపోయారు. చుట్టూ ఎత్తు గోడ, లోపల చాకిరేవు. పుస్తకం చదవడం నేర్పడానికి పనికిరాని పిల్ల పెద్దిళ్ళ దుప్పట్లు ఉతకడానికి మాత్రం బాగా పనికొచ్చింది. అలా పెరిగి పెద్దదయ్యాక లైసెన్సు మీద బయటికి వదిలారు. ఇంట్లో ఉండొచ్చు, మిల్లులో పని చెయ్యొచ్చు. మగపిల్లాడితో మాట్లాడకూడదు, యూనియన్‌లో చేరకూడదు, ఎదురు చెప్పకూడదు. అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూడటానికి కాలనీ కమిటీ తరఫున మిసెస్ ఫెన్విక్ అనే దొరసాని నెలనెలా వచ్చేది. పిండి డబ్బా మూత తీసి చూసేది. పిండి డబ్బాలో ఏ మగాడు దాక్కుంటాడనుకునేదో ఆ తల్లికే తెలియాలి.

మార్తా ఆ మిల్లులోనే నాలుగు మగ్గాల మీద నేసేది. అదే షెడ్డులో ఐవీ నేల ఊడ్చేది, మగ్గాల కింద దూరి దూది తీసేది, దారపు కండెలు అందించేది. కాలనీ నుంచి అలా వచ్చిన పిల్లలు ఆ షెడ్డులో ఓ అరడజను మంది. మిగతా ఆడవాళ్ళు వాళ్ళని 'లైసెన్సులు' అనేవాళ్ళు. పేర్లు అడిగినవాళ్ళు తక్కువ. తక్కువ కూలికి వచ్చి మన పొట్ట కొడుతున్నారని అందరికీ కడుపుమంట. ఆ కూలి కూడా పిల్లల చేతికి రాదని, కమిటీ పెట్టెలోకే పోతుందని అడిగి తెలుసుకున్నవాళ్ళు లేరు.

వందల మగ్గాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే ఆ షెడ్డులో మనిషి గొంతు మనిషికి వినపడదు. అందుకే అక్కడి ఆడవాళ్ళు గొంతుతో మాట్లాడరు. పెదాలు సాగదీసి, కనుబొమలు ఎగరేసి, మాటని మొహం మీద పెద్దగా రాసి చూపిస్తారు. ఆ చివర మగ్గం నుంచి ఈ చివర మగ్గానికి కబురు పోతుంది. ఎవరి మొగుడు తాగొచ్చాడో, ఎవరి కోడలికి నెల తప్పిందో, అంతా అలాగే. మా తల్లులూ అలాగే మాట్లాడారు. ఐవీ కూడా అందరిలాగే నేర్చుకుంది.

మిసెస్ ఫెన్విక్ చెవుల్లో దూది పెట్టుకుని, గౌను అంచు చేత్తో ఎత్తిపట్టుకుని, మిల్లు యజమాని ఐన్స్‌కో వెంట షెడ్డులోకొచ్చింది. దూది మిల్లుకి ఇంటి నుంచి దూది తెచ్చుకుంది. ఆమె టోపీ మీద ఓ పిట్ట ఉంది. చంపి, లోపల పొట్టు కూరి, గాజుకళ్ళు పెట్టిన పిట్ట.

ఐవీ చీపురు ఆపి ఆ టోపీ వంక చూసింది. అవతలి వరసలో ఉన్న ఎడ్నా క్లెగ్ వైపు తిరిగి పెదాలు సాగదీసింది. "ఎడ్నా అక్కా, ఆ పిట్టకి మేత ఎవరు పెడతారు?"

ఎడ్నా యూనియన్ చందాలు వసూలు చేసే మనిషి, నోరున్న మనిషి. "మనమే. ఎప్పట్నుంచో పెడుతున్నాం," అంది పెదాలతో.

ఐవీ నవ్వింది. పిట్ట వంక చూసి "ఇంకా కావాలా?" అని అడిగింది, కళ్ళు పెద్దవి చేసి, నోరు గుండ్రంగా పెట్టి.

దొరసాని చూసింది ఇదీ. ఒక పిల్ల గాల్లోకి నోరు కదుపుతోంది, శబ్దం లేదు, తన టోపీని చూసి మొహం వికారంగా పెట్టి నవ్వుతోంది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. పక్కకి తిరిగి ఎడ్నాని చూసినా సరిపోయేది. చూడలేదు. ఆవిడ చూడటానికి వచ్చింది ఐవీని.

ఐన్స్‌కో చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడింది. ఆయన బదులు చెప్పాడు. చప్పుడు అడ్డుగోడలా కాపాడుతుందనుకున్నారు ఇద్దరూ. ఆ షెడ్డులో చప్పుడు గోడ కాదు, కిటికీ. అక్కడ పుట్టి పెరిగిన ఆడవాళ్ళు చుట్టూ ఉన్నారు. పొరుగింటి పిల్లి ఆవులించినా ఏమందో చెప్పగల ఆడవాళ్ళు.

"జబ్బు ముదిరిపోయింది," అంది దొరసాని నోరు. "శూన్యంతో మాట్లాడుతోంది. శనివారం బండి పంపి వెనక్కి తీసుకుపోతాం."

"తీసుకుపోండి," అంది ఐన్స్‌కో నోరు. "బదులు ఓ డజను మందిని ఇవ్వండి. ఈ ఆడవాళ్ళని తీసేసి, తలకి ఆరు మగ్గాల చొప్పున మీ పిల్లల్ని నిలబెడతాను. వీళ్ళు ఆరు నడపమంటే యూనియన్ అంటారు. మీవాళ్ళు అనలేరు కదా."

"అన్నారో, మళ్ళీ గోడ లోపలికే," అంది దొరసాని. నవ్వింది. పళ్ళు తెల్లగా, బాగున్నాయి.

మార్తా మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. దారం మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుని దారం తెగింది, ఆమె చూసుకోలేదు. పక్క మగ్గం బెర్తా చేయి చాచి ఆపింది, తిట్టింది కూడా.

ఆ సాయంత్రం పని వదలగానే అందరూ యూనియన్ హాల్లో చేరారు. శాలువాలు కప్పుకునే, జుట్టులో దూదితోనే. లైసెన్సు పిల్లలు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. హాల్లోకి రావడమే వాళ్ళకి నేరం. వచ్చారు.

యూనియన్ సెక్రటరీ షార్ప్‌లెస్‌కి వాచీ గొలుసు ఉంది. యజమానుల బల్ల దగ్గర ఎన్నోసార్లు కూర్చుని కూర్చుని, లేచి మాట్లాడటం మరిచిపోయిన మనిషి.

"తొందరపడకండి," అన్నాడు. "ఆరు మగ్గాల సంగతి వేరు, ఈ పిల్లల సంగతి వేరు. వాళ్ళు మన సభ్యులు కారు. చట్టం ప్రకారం కాలేరు. ఆరు మగ్గాల గురించి పైకి రాస్తాను."

"రాయి నాయనా," అంది ఎడ్నా. "పోయినేడు రాసినదానికి బదులొచ్చాక ఇదీ పంపు."

హాల్లో నవ్వులు. బెర్తా నవ్వలేదు. లేచింది. ముగ్గురు పిల్లల తల్లి, పెద్దవాడు ఊళ్ళో పోలీసు.

"నే చెప్తా వినండి. ఆ లైసెన్సుల్ని తీసుకుపోతే మనకే మంచిది. వాళ్ళు లేకపోతే ఆయన ఆరు మగ్గాల మీద ఎవర్ని నిలబెడతాడు? తనే నిలబడతాడా?"

"ఇంకో డజను మందిని తెస్తానన్నాడుగా. నీ కళ్ళెక్కడున్నాయే?" అంది ఎడ్నా.

"నా కళ్ళు నా బట్ట మీదున్నాయి. నేను పదేళ్ళప్పుడు మిల్లుకొచ్చాను. మతిలేనిదాన్ని నా పక్కన నిలబెట్టి, నువ్వూ అదీ ఒకటే అంటే నాకు రోషం ఉండదా?"

వెనక గోడ దగ్గర నుంచి డోరా అనే పిల్ల ముందుకొచ్చింది. పొట్టిగా ఉంటుంది, మాట తడబడుతుంది, ఒక్కో మాటా తోసుకుంటూ చెప్తుంది.

"నాకు మతి లేదనే రాశారు బెర్తా అక్కా. కాలనీలో తెల్లారి లేచి చాకిరేవు. మధ్యాహ్నం ఇస్త్రీ. మా మీద పెత్తనం చేసే మేట్రన్ ఇంట్లో వంట కూడా నేనే. అప్పుడు మతి లేదు అనలేదు. కూలి అడిగాను. అప్పుడు అన్నారు."

బెర్తా కూర్చుంది. ఒప్పుకుని మాత్రం కాదు.

అప్పుడు మార్తా లేచింది. ఆమె సభల్లో లేచే మనిషి కాదు. ఇల్లు తగలబడుతున్నా ముందు పొరుగువాళ్ళకి నిద్రాభంగమవుతుందేమో అనుకునే రకం.

"నా పిల్ల పేరు ఎత్తకండి," అంది. "మీకు దణ్ణం పెడతాను. మీరు సమ్మె అని మగ్గాలు ఆపుతారు, ఆపితే మీకు పని పోతుంది, ఇంకో మిల్లుకి పోతారు. దానికి బతుకే పోతుంది. ఈసారి గోడ లోపలికి పోతే మళ్ళీ వదలరు. నేను చచ్చాక శవాన్ని చూడ్డానికి కూడా పంపరు."

"మేం ఊరుకుంటే వదిలేస్తారా మార్తా?" అంది ఎడ్నా. ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు.

"నేను వెళ్ళి అడుగుతాను. ఆవిడా ఆడదే కదా. పిల్లల్ని కన్నదే కదా."

"వెళ్ళు. అడిగొచ్చి మాకు చెప్పు."

శుక్రవారం మార్తా మంచి గౌను వేసుకుని మిసెస్ ఫెన్విక్ ఇంటికి వెళ్ళింది. వెనక తలుపు దగ్గర నిలబెట్టారు. వంటింట్లోకి రమ్మని, స్టూలు మీద కూర్చోమని, ఎండిన కేకు ముక్క చేతిలో పెట్టారు. దొరసాని వచ్చి నిలబడింది. ఇవాళ టోపీ లేదు, తల మీద పిట్ట లేక బోసిగా ఉంది.

"అమ్మగారూ, మా పిల్ల శూన్యంతో మాట్లాడలేదండి. ఎడ్నాతో మాట్లాడింది. మిల్లులో మేమందరం అలాగే మాట్లాడుకుంటామండి. చప్పుడుకి వినపడదు కదండీ."

మార్తా భయపడుతూ మాట్లాడుతోంది. భయపడితే ఆమెకి మాట స్పష్టంగా చెప్పాలనిపిస్తుంది. ముప్పై ఏళ్ళు నేసిన మనిషి స్పష్టంగా చెప్పడమంటే పెదాలు సాగదీసి, కనుబొమలు ఎత్తి చెప్పడమే. వంటింట్లో చప్పుడు లేకపోయినా నోటికి అదే అలవాటు.

దొరసాని ఆమె మాట వినలేదు. ఆమె నోరు చూస్తోంది. తల కొంచెం పక్కకి వంచి, సంతలో గుర్రం పళ్ళు చూసినట్టు చూస్తోంది.

"ఓహో," అంది చివరికి, ఎంతో జాలిగా. "వంశంలోనే ఉందన్నమాట."

"ఏమిటండీ?"

"ఏం లేదు, కేకు తినండి. అక్కడ మీ అమ్మాయి సుఖంగా ఉంటుంది. పచ్చిక ఉంది. ఆదివారం బ్యాండు వాయిస్తారు. మీ అమ్మగారు కూడా ఇలాగే మాట్లాడేవారా?"

మార్తా కేకు స్టూలు మీద పెట్టి లేచింది. జీవితంలో మొదటిసారి పెద్దవాళ్ళ ఇంట్లో సెలవు తీసుకోకుండా బయటికొచ్చింది.

వీధి చివర ఎడ్నా కాచుకుని ఉంది. చుట్టూ మరికొందరు. బెర్తా కూడా, ఏదో పని ఉన్నట్టు, బుట్ట చేత్తో పట్టుకుని.

"ఏమంది?"

"నాకూ ఉందంది. మా అమ్మకీ ఉందేమోనని అడిగింది. నా నోరు చూసి చెప్పేసింది."

మార్తా ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. పగలబడి నవ్వింది. నవ్వాక గోడకి ఆనుకుంది.

"నీ నోరా?" అంది బెర్తా. తన పెదాలు తనే తడుముకుంది. "నీ నోటికేమొచ్చింది? నా నోరూ అంతే కదా. మా అమ్మ నోరూ అంతే." బుట్ట కింద పెట్టింది. "అంటే నేను కూడానా? ఆ పిట్టల టోపీది నన్ను కూడా..."

"నిన్ను రాయడానికి ఆవిడకి ఇంకా తీరిక దొరకలేదు బెర్తా," అంది ఎడ్నా. "వరసలో ఉన్నావు."

ఆ సాయంత్రం ఆ మాట వీధి వీధీ తిరిగింది. మాంసం కొట్టు దగ్గర, చేపల వేపుడు కొట్టు దగ్గర, చర్చి మెట్ల మీద. ఆడవాళ్ళు ఒకరి నోరు ఒకరు చూసుకుని ముందు నవ్వారు, తరవాత నవ్వలేదు. ఒక పిల్లకి మతి లేదంటే ఎవరికీ పట్టలేదు. ఊరందరికీ లేదనేసరికి అర్థమైంది, మతి కొలిచేది ఎవరో, ఎందుకు కొలుస్తారో. చెప్పినట్టు చేసినంతకాలం తెలివైనవాళ్ళం. అడిగామంటే గోడ కడతారు.

శనివారం బండి వచ్చింది. కాలనీ డాక్టరు దిగాడు. మిసెస్ ఫెన్విక్, ఐన్స్‌కో, వెంట ఓ పోలీసు, బెర్తా పెద్దకొడుకే. షెడ్డు తలుపు తీశారు.

ముందు ఎడ్నా తన మగ్గాలు ఆపింది. పిడి లాగింది, నాడె నిలిచింది. పక్కన ఇంకొకరు. వరస వెంట వరస. బెర్తా తన నాలుగూ ఆపి, మూడేళ్ళుగా మాట్లాడని వదిన మగ్గాల దగ్గరికి వెళ్ళి, అవీ ఆగాయో లేదో చూసొచ్చింది. మగ్గాల మేస్త్రీ "ఏమయింది, ఏమయింది" అని అటూ ఇటూ పరిగెత్తాడు. పైన మగ్గాల్ని నడిపే ఇరుసులు మాత్రం తిరుగుతున్నాయి, వాటి తోలు పట్టీలు వట్టిగా కొట్టుకుంటున్నాయి. పని వేళలో ఆ షెడ్డు అంత నెమ్మదిగా ఉండటం ఎవరూ ఎరగరు. తమ దగ్గు తమకే వినపడి ఉలిక్కిపడ్డారు.

"ఐవీ హోల్డెన్ ఎవరు?" అన్నాడు డాక్టరు.

ఎవరూ గొంతు విప్పలేదు. కానీ షెడ్డంతా నోళ్ళు కదలడం మొదలుపెట్టాయి. ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, లైసెన్సు పిల్లలు, పళ్ళున్నవాళ్ళు, పళ్ళు లేనివాళ్ళు. పెదాలు సాగదీసి, కనుబొమలు ఎగరేసి, డాక్టరు మొహంలోకే చూస్తూ. ఆయన బట్టతల గురించి, ఆయన బొజ్జ గురించి, ఆయన్ని కన్నతల్లి ఓర్పు గురించి.

"అదిగో, చూశారా," అని వేలు చూపించబోయింది దొరసాని. ఎవరి వైపు చూపించాలో తెలియక వేలు గాల్లోనే తిరిగింది.

"ఏమంటున్నారు వీళ్ళు?" డాక్టరు పోలీసుని అడిగాడు. "నువ్వీ ఊరివాడివే కదా?"

పోలీసు చెవుల దాకా ఎర్రబడ్డాడు. వాళ్ళమ్మ నోరే అన్నిటికన్నా పెద్దగా కదులుతోంది.

"నాకేం అర్థం కాలేదండి," అన్నాడు, బూట్ల వంక చూసుకుంటూ.

ఐన్స్‌కో ముందుకొచ్చాడు. డాక్టరు కన్నా తెలివైనవాడు. మతి సంగతి ఆయనకి అక్కర్లేదు, బట్ట కావాలి. ఐవీ ఎవరో ఆయనకి తెలుసు. నేరుగా ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మెత్తగా మాట్లాడాడు, నోళ్ళన్నీ ఆగిపోయి అందరికీ వినపడింది.

"చూడమ్మాయ్. నువ్వు వెనక్కి పోనక్కర్లేదు. డాక్టరుగారు నా మాట వింటారు. ఈ బండి ఖాళీగా పోతుంది. నువ్విక నేల ఊడవక్కర్లేదు, నేతగత్తెవి. ఇదిగో ఈ నాలుగు మగ్గాలు, పక్కన ఆ రెండు. నడుపు. నువ్వు మొదలుపెడితే మిగతా లైసెన్సు పిల్లలూ మొదలుపెడతారు. ఇవాళే మీ అమ్మతో ఇంటికెళ్ళిపోవచ్చు."

ఆ నాలుగూ మార్తా మగ్గాలు. ఆ రెండూ బెర్తావి.

డాక్టరు తలూపాడు. అప్పటిదాకా తీరని జబ్బు ఆ క్షణంలో తగ్గిపోయింది.

ఐవీ తల్లి వంక చూసింది. అందరూ మార్తా వంకే చూశారు.

"తల్లివి నువ్వు," అన్నాడు ఐన్స్‌కో. "దానికి మంచేదో నువ్వే చెప్పు."

మార్తా నోరు తెరుచుకుంది. ఒప్పుకోవే తల్లీ అనాలని ఉంది. ఒళ్ళంతా అదే అంటోంది. నడుపు, ఈ ఒక్కసారికి నడుపు, బండి పోనీ, తరవాత చూద్దాం. యూనియన్ పోతే పోనీ, ఎడ్నా ఉమ్మేస్తే ఉమ్మేయనీ, నా పిల్ల నా పక్కలో పడుకుంటుంది. ఆ మాట నాలుక చివరికొచ్చింది. ఎడ్నా వంక చూసింది. ఎడ్నా తల దించుకుంది, తనకి అడిగే హక్కు లేదన్నట్టు. డోరా వంక చూసింది. మార్తా నోరు మూసుకుంది. రెండు చేతులూ గౌను జేబుల్లో పెట్టుకుని గట్టిగా పిడికిళ్ళు బిగించింది, అవి ఎటైనా సైగ చేస్తాయేమోనని.

పైన పట్టీలు కొట్టుకుంటున్నాయి. బయట బండి గుర్రం కాలు మార్చింది. దొరసాని చెవుల్లో దూది తీసేసింది. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఐన్స్‌కో గడియారం తీసి, చూడకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మార్తా మగ్గం మీద సగం నేసిన బట్ట అలాగే ఉంది. పోలీసు కూడా తలెత్తాడు.

ఐవీ చీపురు గోడకి ఆనించింది. ఇన్నేళ్ళు ఒకే షెడ్డులో పనిచేసి ఆమె గొంతు ఎలా ఉంటుందో ఎరగనివాళ్ళు అక్కడ సగం మంది ఉన్నారు. గొంతు లావుగా, నిదానంగా వచ్చింది.

"అవి మా అమ్మవి," అంది. "కావాలంటే నువ్వు నడుపుకో."